వెలివేసినవాడి విశ్వాసం: యోహాను 9వ అధ్యాయం చదువుదాం

(విశ్వవిద్యాలయ దళిత క్రైస్తవ విద్యార్థుల అధ్యయన సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



విశ్వాసం బలపడాలంటే బైబిలు ఎలా చదవాలో మాట్లాడమని మీరు నన్ను పిలిచారు. ఈ సంగతి తెలిసి ఇద్దరు నన్ను చెరోవైపు నుంచి పట్టుకున్నారు. ఒకరు చర్చి పెద్ద. పిల్లలకు చదువులు ఎక్కువైతే విశ్వాసం పలచబడుతుంది, మోకాళ్ల మీద ఉండమని చెప్పండి చాలు అన్నారు. ఇంకొకరు ఉద్యమంలో చాలాకాలంగా ఉన్న అన్న. అంబేద్కర్‌వాదికి బైబిలు చదువుతో పనేమిటి, రాజ్యాంగం చదవండి, ‘బుద్ధుడు - ధమ్మం’ చదవండి అన్నారు. ఇద్దరి మీదా నాకు గౌరవం ఉంది. వాళ్లతో ఇక్కడ వాదించను. ఒక్క అధ్యాయం తీసి మీతో కలిసి చదువుతాను. యోహాను సువార్త 9వ అధ్యాయం, మొత్తం 41 వచనాలు. పుట్టుగుడ్డివాడి కథ అని సండేస్కూల్లో అందరూ విన్నదే.

విన్నదే గానీ, చదివింది తక్కువ. మన ఇళ్లలో బైబిలు చాలా ఉంటుంది, ముక్కలు ముక్కలుగా ఉంటుంది. కొత్త సంవత్సరం ఆరాధనలో తీసే వాగ్దాన కార్డు, గోడ క్యాలెండర్ మీది వచనం, ఇప్పుడైతే పొద్దున్నే వాట్సాప్‌లో వచ్చే వచనం. వాటిని నేను ఎగతాళి చేయను. కూలికి పోయే అమ్మకు రోజంతా నోట్లో నానడానికి ఒక్క వచనమే సరిపోయింది, ఆ ఒక్కదాన్ని పట్టుకుని ఆమె పిల్లల్ని చదివించింది. కానీ ఆమె పస్తులుండి చదివించింది మీరు కూడా ఒక్క వచనం దగ్గరే ఆగిపోవాలని కాదు.

మన వాడలకు ఈ పుస్తకం ఎలా చేరిందో కాస్త గుర్తు చేసుకుందాం. తెలుగులో సువార్తలు మొదట అచ్చయింది 1812లో, శ్రీరాంపూర్‌లో. ఒంగోలు ప్రాంతంలో తోలు వ్యాపారం చేసుకునే మాదిగ పెద్ద యర్రగుంట్ల పేరయ్య 1866లో బాప్తిస్మం తీసుకున్నాడు. 1878 జులై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. గంజి కోసం మారారనే మాట ఇప్పటికీ వింటుంటాం. మిషనరీ క్లౌ కరువు పనులు జరుగుతున్నంతకాలం బాప్తిస్మాలు ఆపేశాడన్న సంగతి ఆ మాట అనేవాళ్లు చెప్పరు. నాకు ముఖ్యమైనది వేరే ఉంది. వేదం చెవిన పడితే శిక్ష అని రాసుకున్న సమాజంలో, ఒక గ్రంథాన్ని చేత్తో పట్టుకుని, వేలు పెట్టి అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివే హక్కు మనవాళ్లకు ఆ దారిలో వచ్చింది. చాలా కుటుంబాల్లో మొదటి పుస్తకం అదే. చదివే హక్కు అంత కష్టపడి వచ్చినప్పుడు, చదవకుండా నమ్మితే చాలు అనే మాట నాకు మింగుడుపడదు.

సరే, అధ్యాయంలోకి వెళ్దాం.

యేసు, శిష్యులు దారిన పోతుంటే పుట్టుకతోనే చూపులేని ఒక మనిషి కనిపిస్తాడు. ఎనిమిదో వచనానికి వస్తే అతను కూర్చుని అడుక్కునేవాడని తెలుస్తుంది. శిష్యులు అతనితో మాట్లాడరు, అతని గురించి మాట్లాడతారు. పాపం చేసింది ఇతనా, కన్నవాళ్లా అని గురువును అడుగుతారు. ఈ ప్రశ్నను తెలుగువాడికి ఎవరూ వివరించక్కర్లేదు. పుట్టుకతోనే గుడ్డి అయితే అతను పాపం ఎప్పుడు చేసి ఉంటాడు? మన ఊళ్లో అయితే పోయిన జన్మలో అంటారు. అది ‘కర్మ’ అని ఊరుకుంటారు. యేసు కాలపు యూదుల ఆలోచనలో పోయిన జన్మ ప్రధానం కాదు గానీ, తల్లిదండ్రుల పాపం పిల్లల మీద పడుతుందనే భావన ఉంది. నిర్గమకాండం 20వ అధ్యాయంలో దానికి ఆధారం కనిపిస్తుంది. అదే బైబిల్లో యెహెజ్కేలు 18వ అధ్యాయం మొత్తం ఆ భావనను కొట్టిపారేస్తుంది. తండ్రులు పుల్లని ద్రాక్ష తింటే పిల్లల పళ్లు పులియడమనే సామెతను ఇక వాడొద్దంటుంది. అంటే బైబిల్లోనే ఈ విషయం మీద వాదం నడుస్తోంది. శిష్యులు ఆ వాదంలో ఒక పక్క నిలబడి అడిగారు. యేసు రెండో పక్కకు వెళ్లాడు. ఇతను కాదు, ఇతన్ని కన్నవాళ్లూ కాదు అన్నాడు.

ఇక్కడ బాబాసాహెబ్‌ను పిలవాలి. ఆయన రచనలు, ప్రసంగాల ఐదో సంపుటం 1989లో అచ్చయింది. క్రైస్తవంలోకి మారిన అంటరానివారి మీద ఆయన రాసినవి అందులో ఉన్నాయి. క్రైస్తవులైన విద్యార్థులు వాటిని తప్పకుండా చదవాలి, చదివి నొచ్చుకోవాలి కూడా. ఆయన విమర్శల్లో నన్ను బాగా వెంటాడేది ఒకటుంది. మనిషి పతనానికి కారణం అతని పాపం అని బోధకుడు చెబుతాడు, అంటరానివాడు పడిపోయింది తన పాపం వల్ల కాదు, తన చుట్టూ కట్టిన వ్యవస్థ వల్ల. ఈ బోధ అతనిలో పోరాడే శక్తిని చంపుతుంది అంటాడాయన. ఈ విమర్శకు ‘అంబేద్కర్‌కు బైబిలు తెలియదు’ అని జవాబు చెప్పేవాళ్లను చూశాను. అది జవాబు కాదు. ఆయన మాట్లాడింది మన ప్రసంగ వేదికల గురించి. ఆ వేదికల మీద ఇవాళ్టికీ, పేదరికానికీ జబ్బుకీ నిరుద్యోగానికీ కారణం నీలో దాగిన పాపమేనని చెబుతున్నారు. 9వ అధ్యాయం మూడో వచనం ముందు పెట్టుకుని చూస్తే ఆ బోధకులు శిష్యుల ప్రశ్న దగ్గరే ఆగిపోయారు. యేసు జవాబు దాకా రాలేదు.

ఆ జవాబులోనూ ఒక చిక్కుంది, దాటవేయొద్దు. దేవుని క్రియలు ఇతనిలో వెల్లడి కావడానికి అని యేసు అంటాడు. మరి తన గొప్ప చూపించుకోవడానికి దేవుడు ఒక పసివాణ్ని గుడ్డివాడిగా పుట్టించి ఏళ్ల తరబడి అడుక్కోనిచ్చాడా? మీలో ఎవరికైనా ఈ ప్రశ్న వచ్చి ఉంటే మంచిదే. ప్రాచీన గ్రీకు ప్రతుల్లో మనకిప్పుడున్న విరామ చిహ్నాలు దాదాపు లేవు. చుక్క ఎక్కడ పెట్టాలన్నది తర్వాతివాళ్ల నిర్ణయం. పాపం ఎవరిదీ కాదు అన్నచోట వాక్యం ముగించి, దేవుని క్రియలు వెల్లడి కావాలంటే పగలుండగానే మనం పని చేయాలి అని తర్వాతి వచనంతో కలిపి చదవొచ్చని కొందరు పండితులు చూపించారు. అందరూ ఒప్పుకోలేదు. నాకు మాత్రం ఆ చదువు నచ్చుతుంది. ఎందుకంటే నాలుగో వచనంలో చాలా పాత ప్రతులు ‘నేను’ అనవు, ‘మనం’ అంటాయి. కారణాలు వెదుకుతూ నిలబడ్డ శిష్యులను పనిలోకి దింపిన మాట అది.

తర్వాత ఉమ్మితో బురద, కళ్లకు పూయడం, సిలోయము కోనేట్లో కడుక్కోవడం. యెరూషలేములో ఆ కాలపు సిలోయము కోనేటి మెట్లు 2004లో బయటపడ్డాయి. కోనేరు అనగానే మనకు మహాడ్ గుర్తుకు రాకుండా ఉండదు. 1927 మార్చి 20న చవదార్ చెరువులో బాబాసాహెబ్ నీళ్లు తాగాడు. కారంచేడు కూడా గుర్తొస్తుంది. 1985 జులైలో అక్కడ గొడవ మాదిగవాళ్ల మంచినీళ్ల చెరువు దగ్గరే రాజుకుంది. నీళ్లు మురికి చేయొద్దని అడ్డుపడి బిందె ఎత్తిన ఆడబిడ్డ పేరు సువార్త. మర్నాడు ఆరుగురిని చంపారు. సువార్త అనే పేరు మన వాడల్లో ఎంత మామూలో మీకు తెలుసు, ఆ పేరు పెట్టుకున్న ఇంట్లో ఏ పుస్తకం ఉండి ఉంటుందో కూడా తెలుసు.

అద్భుతం ఏడో వచనానికే అయిపోతుంది. మనం సాక్ష్యాల్లో చెప్పుకునేది ఈ ఏడు వచనాలే. ఇంకా 34 వచనాలు మిగిలాయి! ఆ మిగిలిన భాగంలో అసలు విచిత్రం, ఎనిమిది నుంచి 34 దాకా యేసు కనిపించడు. చూపు వచ్చిన మనిషి ఒంటరిగా ప్రశ్నల మధ్య నిలబడతాడు.

మొదట ఇరుగుపొరుగు. వీడు వాడేనా, వాడిలాంటివాడా అని తర్జనభర్జన. ఇన్నేళ్లూ వాళ్లు చూసింది చాచిన చెయ్యినే, ముఖాన్ని కాదు. లేచి నడుస్తుంటే గుర్తుపట్టలేకపోయారు. ఇన్‌షర్ట్ వేసుకుని ఊరికి వెళ్లిన మనవాడిని ఫలానావాడి కొడుకువా నువ్వు అని ఎగాదిగా చూసే చూపు ఇదే. అప్పుడతను ‘నేనే’ అంటాడు. గ్రీకులో రెండు మాటలు, ‘ఎగో ఎయిమి’. యోహాను సువార్తలో యేసు తనను తాను చెప్పుకునే ప్రసిద్ధమైన మాటలు కూడా ఇవే. ఒక బిచ్చగాడి నోట రచయిత అవే మాటలు పెట్టాడు. ఇక్కడ మామూలు అర్థమేనని వ్యాకరణం తెలిసినవాళ్లు అంటారు. కావచ్చు. నాకైతే చదివిన ప్రతిసారీ ఒళ్లు గగుర్పొడుస్తుంది.

తర్వాత పరిసయ్యుల విచారణ. ఆ రోజు విశ్రాంతిదినం. బురద కలపడం పని కిందికి వస్తుంది. ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. ఈ అధ్యాయం చదివి యూదులంతా దుర్మార్గులు అనుకునే చదువు ఐరోపాలో శతాబ్దాలపాటు సాగింది, దాని ఫలితం చరిత్ర చూసింది. యేసు యూదుడు, ఆ మనిషి యూదుడు, కన్నవాళ్లు యూదులు. 16వ వచనంలో పరిసయ్యుల్లోనే చీలిక వచ్చిందని రచయిత రాశాడు. ఒక జాతిని ద్వేషించడం నేర్పే చదువు మనలాంటివాళ్లకు అసలు తగదు. చూపులేకపోవడాన్ని అజ్ఞానానికి గుర్తుగా వాడే పద్ధతి కూడా ఈ అధ్యాయం చివర ఉంది. చూపు కోల్పోయిన వేదాంతి జాన్ హల్ దీని మీద బైబిలుతోనే ముఖాముఖి తగువు పెట్టుకుని 2001లో ఒక పుస్తకం రాశాడు, విశ్వాసం వదలకుండానే. ఇలాంటి తగువులు పడే చోటు కూడా అధ్యయనంలో ఉండాలి.

విచారణలో కన్నవాళ్లను పిలుస్తారు. ఈ భాగం దగ్గర కాసేపు ఆగుదాం, మన కథ ఇక్కడే ఉంది.

వీడు మీ కొడుకేనా, ఇప్పుడెలా చూస్తున్నాడు అని అడిగితే, మా కొడుకే, పుట్టుగుడ్డే, ఎలా చూస్తున్నాడో మాకు తెలియదు, వాడికి వయసొచ్చింది, వాడినే అడగండి అని తప్పుకుంటారు. ఎందుకన్నారో 22వ వచనం చెబుతుంది. యేసును క్రీస్తు అని ఒప్పుకున్నవాళ్లను సమాజమందిరం నుంచి బయటికి పంపాలని అప్పటికే తీర్మానమైంది. వాళ్లకు భయం. గ్రీకులో ఇక్కడ ‘అపోసునగోగోస్’ అనే మాట ఉంది. కొత్త నిబంధన మొత్తంలో అది యోహానులో తప్ప ఇంకెక్కడా లేదు, ఇక్కడ, 12:42లో, 16:2లో. మన తెలుగు బైబిలు దానికి ఎంచుకున్న మాట ‘వెలివేయడం’. అనువాదకులు ఏమనుకుని పెట్టారో గానీ, వెలివాడల్లో చదివే మనుషులకు ఆ మాట తెలియకపోవడమేమిటి? 2016 జనవరిలో హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో రోహిత్ వేముల, అతని మిత్రులు సస్పెండై ఆరుబయట వేసుకున్న గుడారానికి పెట్టుకున్న పేరు కూడా వెలివాడే.

యేసు బతికుండగానే అలాంటి తీర్మానం జరిగిందా అన్నది పండితుల మధ్య పెద్ద చర్చ. మొదటి శతాబ్దం చివర్లో యోహాను సంఘం తాను పడిన వెలిని యేసు కథలో కలిపి చెప్పుకుందని 1968లో లూయిస్ మార్టిన్ వాదించాడు. ఆ వాదాన్ని తర్వాత చాలామంది ప్రశ్నించారు. చారిత్రక తీర్పు ఎలా ఉన్నా, ఈ వచనం రాసిన చెయ్యికి వెలి అంటే ఏమిటో తెలుసని నాకనిపిస్తుంది.

ఇక మన కన్నవాళ్ల సంగతి. 1950 నాటి షెడ్యూల్డు కులాల ఉత్తర్వు మూడో పేరా హిందువులకు తప్ప ఇంకొకరికి ఎస్సీ హోదా లేదంది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులు, ముస్లింలు బయటే ఉన్నారు. తెలుగు రాష్ట్రాల్లో మారినవాళ్లకు బీసీ-సి కింద ఒక శాతం. 2024 నవంబరులో పుదుచ్చేరి మహిళ ఒకరి కేసులో, క్రైస్తవ విశ్వాసంలో ఉంటూ ఉద్యోగం కోసం ఎస్సీ హోదా కోరడం రాజ్యాంగాన్ని మోసగించడమేనని సుప్రీంకోర్టు అంది. 2025 ఏప్రిల్ 30న ఆంధ్రప్రదేశ్ హైకోర్టు, పదేళ్లుగా పాస్టరుగా ఉన్న వ్యక్తి కులం పేరుతో దూషించారని పెట్టిన కేసులో, అట్రాసిటీ చట్టం అతనికి వర్తించదంది. తిట్టేవాడు మాత్రం నువ్వు క్రైస్తవుడివి కదా అని కులం పేరు మానుకోడు. మతం మారితే కులం పోతుందన్న నమ్మకం కోర్టు కాగితాల మీద తప్ప ఊళ్లో ఎవరికీ లేదు. చర్చి లోపల కూడా పూర్తిగా లేదు, పెళ్లి సంబంధాలు చూడండి చాలు.

అందుకే మన ఇళ్లలో రెండు పేర్లు. బడిలో ఒకటి, చర్చిలో ఒకటి. తహసీల్దారు ఆఫీసులో మతం ఏమిటని అడిగితే అమ్మానాన్నలు నేల చూపులు చూస్తారు. ఆ మౌనాన్ని మోసం అంటున్నారు. 9వ అధ్యాయం అలా అనదు. రచయిత ఆ తల్లిదండ్రులను దూషించడు, భయపడ్డారని మాత్రం రాస్తాడు, భయపెట్టిందెవరో కూడా పక్కనే రాస్తాడు. బిచ్చమెత్తి బతికిన కొడుకున్న ఇల్లు ఊరి నుంచి కూడా వెలిపడితే ఏమవుతుందో వాళ్లకు తెలుసు. ఒక పిల్లాడి ఫీజు రీయింబర్స్‌మెంట్ పోతే ఏమవుతుందో మన అమ్మలకు తెలిసినట్టే. ప్రసంగాల్లో ఈ తల్లిదండ్రులను పిరికివాళ్లకు ఉదాహరణగా చూపించినప్పుడల్లా నాకు కోపం వస్తుంది.

కొడుకును రెండోసారి పిలుస్తారు. దేవునికి మహిమ చెల్లించు అంటారు. మనం ప్రతి సాక్ష్యం ముందూ వెనకా వాడే మాట. ఇక్కడ అది ప్రమాణం చేయించే మాట, యెహోషువ 7:19లో ఆకానుతో చెప్పించినట్టుగా. అంటే మేం చెప్పిందే నిజమని ఒప్పుకో అని. భక్తి మాటను లాఠీలా వాడటం అప్పుడూ ఉంది. అతను తొణకడు. ఆయన పాపి అవునో కాదో నాకు తెలియదు, నాకు తెలిసింది ఒక్కటే, నిన్నటిదాకా చూపు లేదు, ఇవాళ ఉంది అంటాడు. మళ్లీ మళ్లీ అడిగితే, మీరు కూడా ఆయన శిష్యులు అవుదామనా అని ఎత్తిపొడుస్తాడు. మన వాడ రచ్చబండ మీది వెటకారం అది! ఆ తర్వాత 30 నుంచి 33 దాకా పెద్ద పండితుడిలా తర్కం చేస్తాడు. జవాబు లేక వాళ్లు అతని పుట్టుకను తీస్తారు. పుట్టుకతోనే పాపంలో మునిగినవాడివి, మాకు నేర్పడానికి వచ్చావా అని వెలివేస్తారు. గమనించండి, శిష్యులు మొదటి వరుసలో అడిగిన ప్రశ్నే ఇక్కడ తీర్పుగా మారింది. వాదనలో ఓడినప్పుడు పుట్టుకను తీయడం మీకు సెమినార్ హాళ్లలో ఎదురుకాలేదా?

ఇప్పుడు అతని మాటల్ని వరుసగా పెట్టి చూడండి. 11వ వచనంలో యేసు అతనికి ‘యేసు అనే మనిషి’. 17లో ప్రవక్త. 33లో దేవుని దగ్గర నుంచి వచ్చినవాడు. 38లో ప్రభువు. చూపు ఏడో వచనంలోనే వచ్చింది, విశ్వాసం మాత్రం ఒక్కొక్క ప్రశ్న ఎదుర్కొన్నకొద్దీ పెరిగింది. నువ్వు ప్రశ్నలు అడగొద్దు అన్నవాళ్లు ఈ అధ్యాయంలో ఎవరి పక్షాన ఉన్నారో చూడండి. తెలియదు అని మూడు చోట్ల ధైర్యంగా ఒప్పుకున్నది వెలిపడ్డవాడు. అంతా తెలుసన్నది వెలివేసినవాళ్లు. యేసు మళ్లీ కనిపించేది 35లో, వెలివేశారని విని అతన్ని వెదుక్కుంటూ వచ్చినప్పుడు. మందిరం లోపల కాదు, బయట.

ఇంకో సంగతి చెబుతాను, కంగారు పడకండి. నమ్ముతున్నాను అని అతను మొక్కిన 38వ వచనం, కొన్ని చాలా పాత ప్రతుల్లో లేదు. మూడో శతాబ్దపుదని భావించే ఒక పాపిరస్ ప్రతిలో లేదు, సీనాయి ప్రతి మొదటి రాతలోనూ లేదు. బాప్తిస్మ ఆరాధనలో ఈ అధ్యాయం చదివే అలవాటు వల్ల తర్వాత చేరి ఉండొచ్చని కొందరి అభిప్రాయం. ఎక్కువ ప్రతుల్లో ఉంది కాబట్టి అనువాదాల్లో ఉంచారు. అది లేకుండా ఒకసారి చదవండి. అప్పుడు ఆ మనిషి చివరి మాట ఒక ప్రశ్న అవుతుంది: నేను నమ్మాల్సినవాడు ఎవరయ్యా? నాకు రెండు పాఠాలూ కావాలి. మొక్కినవాడూ మనవాడే, అడుగుతూ నిలబడ్డవాడూ మనవాడే.

అరవింద్ నిర్మల్ 1981లో బెంగళూరులో చేసిన ప్రసంగంతో దళిత వేదాంతానికి దారి పడింది. ద్వితీయోపదేశకాండం 26వ అధ్యాయాన్ని ఆయన మన చరిత్ర పక్కన పెట్టి చదివాడు. అంటే ఈ పని కొత్తది కాదు. గ్రీకు రావాలని లేదు. రెండు మూడు అనువాదాలు పక్కపక్కన పెట్టుకోండి, కతోలికులది కూడా. అధ్యాయం మొత్తం గట్టిగా చదవండి. ఎవరు మాట్లాడుతున్నారు, ఎవరి గురించి మాట్లాడుతున్నారు, ఎవరికి మాట దక్కలేదు అని రాసుకోండి. ఆ తల్లి ఒక్కతే విడిగా ఏమనుకుందో ఈ అధ్యాయం చెప్పలేదు, అది కూడా రాసుకోండి.

వచ్చే వారం 5వ అధ్యాయం. బేతెస్ద కోనేరు, 38 ఏళ్ల జబ్బుమనిషి, నీళ్లలోకి దించే దిక్కులేక పడి ఉన్నవాడు. అక్కడ 14వ వచనంలో, ఇక పాపం చేయకు, ఇంతకన్నా కీడు కలుగుతుంది అని యేసే అంటాడు. ఇవాళ నేను చెప్పినదానికి అది అడ్డు తగులుతుంది. బాబాసాహెబ్ విమర్శ పక్కన పెట్టి చూస్తే ఇంకా గట్టిగా తగులుతుంది. చదివి రండి, అక్కడి నుంచే మొదలుపెడదాం.